సంతకం చోట ముద్ర

పొద్దున్నే అమెరికా నుంచి మా ఆడపడుచు వెర్నా ఫోను.

"వదినా, అన్నయ్య ఓటు పంపాడా?"

మా ఆయన ఆరిన్ తాపీగా మిసో సూప్ తాగుతున్నాడు. అక్కడి చట్టసభ కాంగ్రెస్‌కు పోటీ చేస్తున్నది సొంత చెల్లెలు. ఆమె పార్టీ నచ్చక మిగతా అన్నదమ్ములు మొహం చాటేశారు. ఈయన్ని ఆమె కోరింది ఒక్క ఓటు. పోస్టులో రావలసిన బ్యాలెట్ మేముండే మత్సుయామాకి చేరనే లేదు. అలాంటప్పుడు విదేశాల్లో ఉన్నవాళ్లు అత్యవసర బ్యాలెట్ ప్రింటు తీసుకుని, అభ్యర్థి పేరు చేత్తో రాసి పంపొచ్చని చెవినిల్లు కట్టుకుని పోరాను. వింటేగా!

"ఇవాళ బుధవారం కదే. ఎన్నిక నిన్ననే అయిపోయింది," అన్నాడు.

"బుధవారం మనకి! అక్కడింకా మంగళవారమే, పోలింగ్ నడుస్తోంది. ముగిసేలోగా ఫ్యాక్స్ అందితే చాలు. లే ముందు!"

వీధి చివరి దుకాణానికి లాక్కెళ్లాను. అక్కడి యంత్రమే ప్రింటు తీస్తుంది, ఫ్యాక్సూ పంపుతుంది. చెల్లెలి పేరు రాశాడు. నేను చిల్లర వెతుక్కునేలోగా జేబులోంచి ఏదో తీసి కాగితం మీద ఒత్తేశాడు.

చూద్దును కదా, సంతకం చోట ఎర్రటి ముద్ర! ఇక్కడ బ్యాంకులో, మునిసిపల్ ఆఫీసులో సంతకానికి బదులు పేరు చెక్కిన ఈ ముద్రే ఏళ్ల తరబడి కొట్టీ కొట్టీ మనిషి సంతకమనేదే మరిచిపోయాడు.

"నీకసలు మతుందా? వాళ్లు టమాటా మరక అనుకుంటారు!"

"ఇక్కడ ఇదే కదా చెల్లేది?"

"ఓటు ఇక్కడ వేస్తున్నావా?"

ఏడుపొక్కటే తక్కువ నాకు. మళ్లీ ప్రింటు తీశాను. ఈసారి కలం పట్టుకుని ఆగిపోయాడు.

"నా సంతకం ఎలా ఉండేదే?"

పాస్‌పోర్టు తీసి మొహం ముందు పెట్టాను. తన సంతకాన్ని తానే చూసి దించాడు మహానుభావుడు. ఫ్యాక్స్ వెళ్లింది. ఇంటికెళ్లాక ఉతికి ఆరేద్దామని తిట్లన్నీ సిద్ధం చేసుకున్నాను.

మధ్యాహ్నం అన్నం తింటుంటే మళ్లీ వెర్నా. ఈసారి ఆయనే ఎత్తి స్పీకర్లో పెట్టాడు.

"ఓడిపోయానన్నయ్యా. చిత్తుగా." ముక్కు ఎగబీల్చింది. "నువ్వు ఓటు పంపావా?"

"పంపానే."

"నాకేనా?"

"నీకే."

"అయితే మనింట్లో ఒక్కడైనా..." అంటూ బావురుమంది.

ఆరిన్ ఫోను పెట్టేసి చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. పొద్దున ముద్ర కొట్టినప్పుడు వేలికంటిన ఎర్ర సిరా కన్నీటికి కరిగి చెంపంతా పూసుకుంది. తిట్టాలని నోరు తెరిచి, తువ్వాలు తడిపి తెచ్చాను.