అంబాడా మొక్కకు వైద్యం

మొక్క కింది ఆకులు పసుపు పడితే చాలు, మనుషులు చెంబు పట్టుకుని పరుగెత్తుతారు. రహమత్ బీ అమ్మ కూడా అంతే. రెండు పూటలా నీళ్లు, మధ్యలో బియ్యం కడిగిన నీళ్లు. వద్దంటే వినే మనిషి కాదావిడ. చెప్పకుండా ఊరుకునే మనిషిని నేనూ కాదు.

నా పేరు దానయ్య. సింగపూర్‌లో, సెంబవాంగ్‌లో ఓడలు బాగుచేసే యార్డులో వెల్డర్ని. మాది నర్సీపట్నం అవతల కొండ కింది పల్లె. రెండేళ్ల కిందట రైల్లో ఒక పెద్దావిడ, బుకిట్ పంజాంగ్ ఎట్ల పోవాలె అని కనిపించిన చైనా వాళ్లనల్లా తెలుగులో నిలదీస్తుంటే, చూడలేక ఇంటిదాకా దిగబెట్టాను. ఆవిడే రహమత్ బీ, నేను అమ్మా అంటాను. అన్నం తినకుండా కదలనివ్వలేదు. వచ్చే ఆదివారం కూడా రావాలన్నారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం నా కంచం అక్కడే. వారంలో ఆరు రోజులు డార్మిటరీలో పొట్లం అన్నం తినేవాడికి ఆ ఒక్క పూట ఎంతో, తిన్నవాడికే తెలుస్తుంది.

మొక్క సంగతి చెబుతాను. అది గోంగూర. వాళ్లు అంబాడా అంటారు. కాలనీ తోటలో ఒక డబ్బా ఉంటుంది, ఎవరి దగ్గర మిగిలిన విత్తనాలు వాళ్లు అందులో పడేస్తుంటారు. అమ్మ అందులోంచి ఒక పొట్లం తెచ్చి, ఫ్లాట్ ముందు కారిడార్లో కుండీలో చల్లారు. ఒకటే మొలిచింది. రెండు నెలలకు మోకాలెత్తు ఎదిగింది. ఒక్క ఆకు కూడా తుంచనివ్వకుండా ఆవిడ దాన్ని మనవరాలికంటే ముద్దుగా చూసుకుంటున్నారు.

ఆ ఆదివారం నేను వెళ్లేసరికి కుండీ ముందు స్టూలు వేసుకుని దిగులుగా కూర్చున్నారు.

"చూడు దానయ్యా, కింది ఆకులన్నీ పండుతున్నయ్. పొద్దుగాల నాలుగు రాలినయ్. ఏం రోగమిది?"

వంగి చూశాను. పై చిగుళ్లు పచ్చగానే ఉన్నాయి. కిందవే పండాయి, అదీ మచ్చలు లేకుండా, ఈనెలతో సహా. మట్టిలో వేలు పెట్టి వాసన చూశాను. కుళ్లు లేదు.

"రోగం కాదమ్మా, ఆకలి. ఇది మట్టేటి, ఒట్టి కొబ్బరి పొట్టు. మీరు పోసే నీళ్లకి ఉన్న సత్తువంతా కిందకి కారిపోతంది. తిండి సాలక కింది ఆకుల్లోది లాగి పైవాటికి పెట్టుకుంటంది. నీళ్లు తగ్గించి గుప్పెడు కోడిపెంట ఎరువెయ్యండి."

"గివన్నీ నీకెట్ల ఎరుక?"

"మా అయ్య మిరపతోటలో నేర్సుకున్నానమ్మా."

అది అబద్ధం. మా అయ్యకు మిరపతోట కాదు కదా, మిరపనారు పోసే జాగా కూడా లేదు. నేను పదిహేడో ఏట కొండ మీద గంజాయి తోటలో రెండు కాపులు కూలికి వెళ్లాను. కింది ఆకు పండితే మొక్క ఆకలితో ఉన్నట్టని, మొదలు దగ్గర యూరియా పడాలని అక్కడి మేస్త్రీ చెప్పాడు. పోలీసులు తోట నరకడానికి వచ్చిన రోజు చెప్పులు కూడా వదిలేసి పారిపోయాను. ఆ ఆకు పేరెత్తితేనే తలుపులేసుకునే ఈ సింగపూర్‌లో ఈ మాట ఎవరికి చెబుతాను?

ఇంతలో మనవరాలు ఆలియా ఫోను పట్టుకుని వచ్చింది. వేళ్లలా చీలిన ఆకులను ఫొటో తీసి, ఇదేం మొక్కని ఏదో యాప్‌ను అడిగిందట.

"దాదీ, యాప్ సేస్ కానబిస్ లా! సెవెంటీ వన్ పర్సెంట్!"

లోపలినుంచి అమ్మ కొడుకు మజీద్ గారు వచ్చారు. బ్యాంకు ఉద్యోగి, నెమ్మదస్తుడు. ఫోనులో గంజాయి అన్న ఇంగ్లీషు మాట చూసి ఆయన ముఖం పాలిపోయింది.

"విత్తనాలెవరిచ్చిండ్రు అమ్మీ?"

"ఎవరియ్యలే. తోట డబ్బాలవి."

"ఎవరు పెట్టిండ్రో కూడ తెల్వదా? ఇది పెంచితే ఈడ ఏండ్లకేండ్లు జైలు. నీకు, నాకు, అందరికీ!" ఆయన లోపలికెళ్లి నల్ల చెత్త సంచీ తెచ్చారు.

"నా అంబాడానే ఇది" అంటూ అమ్మ రెండు చేతులూ కుండీ చుట్టూ వేశారు.

నేను నోరు మూసుకుంటే పోయేది ఒక గోంగూర మొక్క. నా ఆదివారం ఎక్కడికీ పోదు. అంత లెక్క నాకూ తెలుసు. కానీ ఆవిడ కళ్లలో నీళ్లు చూశాక నా వల్ల కాలేదు. చిగురాకు ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాను.

"ఉమ్మెయ్యండి భాయ్! యూరిన్ టెస్ట్ చేస్తే మీ వర్క్ పర్మిట్ పోతది!" మజీద్ గారు అరిచారు.

"పుల్లగుంది సార్. గోంగూరే. గంజాయి పుల్లగుండదు. నలిపితే సేతికి జిగురంటుకుంటది, ఓ పట్టాన వాసన ఒదల్దు."

అన్నాకగానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

"అది ఎట్లుంటదో మీకెట్ల తెలుసు?"

సినిమాలో చూశానని చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అలా అంటే నేను చెప్పిన గోంగూర మాటను ఆయన ఎందుకు నమ్మాలి? మొక్క సంచీలోకే పోతుంది.

"ఆ తోటలో కూలి సేశాను సార్. రెండు కాపులు. మిరపతోట లేదు, ఏటీ లేదు."

మజీద్ గారు కూడా ఒక ఆకు తుంచి, భయంభయంగా కొరికి, ముఖం వంకరగా పెట్టారు. పులుపు తగిలింది. సంచీ మడిచి చంకలో పెట్టుకున్నారు. నా వైపు చూడకుండా, "వచ్చే సండే మేం బయటికి పోతున్నం. తర్వాత ఫోన్ చేస్త" అన్నారు.

అర్థమైంది. తప్పు ఆయనది కాదు. పిల్ల ఉన్న ఇల్లు. వంగి బూట్లు తొడుక్కుంటున్నాను.

"బూట్లిప్పు" అన్నారు రహమత్ బీ అమ్మ. "రెండేండ్లు నా ఉప్పు తినుకుంట నాకే అబద్ధం చెప్తవా? నిన్ను ఊకెనే ఇడ్సిపెడ్తననుకున్నవా? ముందు అన్నం తిను. ఖాళీ కడుపున్నోణ్ని తిట్టను నేను."

కూర్చున్నాను. మజీద్ గారు నాకెదురుగా కూర్చుని తలెత్తకుండా తిన్నారు. ఆలియా గ్లాసులో నీళ్లు పోసింది. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అమ్మ సిద్ధంగా ఉన్నారు. మొదలుపెట్టారు. అబద్ధానికి తిట్టారు, పదిహేడేళ్లకు ఆ కొండెక్కినందుకు తిట్టారు, ఎక్కనిచ్చిన మా అయ్యను తిట్టారు, ఆ మేస్త్రీని పేరు కనుక్కుని మరీ తిట్టారు. అరగంటయినా ఆగలేదు. పరాయివాణ్ని ఎవరైనా అంతసేపు తిడతారా? నేను తల వంచుకుని ఏడుస్తూ కూర్చున్నాను, ఇంకాసేపు తిడితే బాగుండుననుకుంటూ.