తొమ్మిదో పావు

కాలరు లోపలివైపు, కాలరు పైవైపు, భుజాలు, కఫ్‌లు, చేతులు, అన్నిటికంటే ఆఖరున గుండీల పట్టీ. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. నిద్రలో లేపి చొక్కా ముందు పెట్టినా మెలాహత్ చేతులు తప్పు చెయ్యవు. కానీ ఆ శనివారం పొద్దున మాత్రం ఆ చేతులకి నిలకడ లేదు. చొక్కా తిప్పుతుంది, ఆవిరి వదులుతుంది, హ్యాంగరుకి తగిలిస్తుంది, వెంటనే ఏప్రాన్ జేబులోంచి ఫోన్ తీసి చూస్తుంది, లోపల పెట్టేస్తుంది, ఇంకో చొక్కా సగంలో ఉండగానే మళ్లీ తీస్తుంది.

"అక్కా, ఆ ఫోన్‌ని కూడా ఇస్త్రీ చేసెయ్యి, గొడవ వదులుతుంది," అంది పక్క బల్ల దగ్గరున్న పెరిహాన్. "ఎవరేంటి? ఈ వయసులో ఎవడు దొరికాడు?"

"బంగారం."

"అబ్బో, మంచివాడే. ఇంతకీ పెరిగాడా, తగ్గాడా?"

"పొద్దుట్నుంచి రెండుసార్లు పెరిగాడు, దొంగసచ్చినోడు," అంది మెలాహత్, నవ్వకుండానే.

ఆమెకి నలభై ఏడు. సన్నటి మనిషి. ఇస్త్రీపెట్టె బరువుకి కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి దిగిపోయింది. మోచేతి లోపలివైపు పాత కాలిన మచ్చలు నిచ్చెన మెట్లలా వరసగా ఉంటాయి, ఏ మచ్చ ఏ ఏడాదిదో ఆమెకి గుర్తే. టర్కీలో ఈ బుర్సా ఊళ్లో, ఆ చొక్కాల కార్ఖానాలో చేరినప్పుడు అమ్మ బతికే ఉంది. అమ్మ పోయాక అన్న నెజాత్ ఇంటికి వచ్చింది, నాలుగు రోజులు ఉందామని. ఆ నాలుగు రోజులు పందొమ్మిదేళ్లయ్యాయి. హాల్లో సోఫాయే ఆమె పడక. అన్న టీవీ కట్టేసేదాకా ఆమెకి నిద్ర లేదు, వదిన గుల్సుమ్ టీకి నీళ్లు పెట్టేవేళకి ఆమెకి పడక లేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు, అన్నం దగ్గర ఎప్పుడూ తక్కువ చెయ్యలేదు. కానీ ఇన్నేళ్లలో ఒక్కసారైనా తన వెనక తను తలుపు మూసుకున్నది లేదు, స్నానాలగదికి తప్ప.

పదిన్నరకి ఫోన్ మోగింది. సందులో ఆడవాళ్ల గుంపులో సందేశం. పెట్టింది వదినే.

"పావు ఇంక మన చేతికి అందేలా లేదమ్మలారా. ఇవాళ్టి నుంచి గ్రాము చేసుకుందామా?"

దాని కింద అప్పుడే ఇద్దరు బొటనవేళ్లు ఎత్తేశారు.

పావంటే వేలిగోరంత బంగారు నాణెం, గ్రామున్నరకి పైనే తూగుతుంది. ఎనిమిదిమంది ఆడవాళ్లు నెలకో ఇంట్లో కూర్చుంటారు, మిగతా ఏడుగురూ ఆ ఇంటావిడ చేతిలో తలా ఒక పావు పెడతారు. టీ తాగుతారు, ఊళ్లోవాళ్ల ముచ్చట్లన్నీ అరగదీస్తారు, వెళ్లిపోతారు. ఎనిమిది నెలల కిందట చక్కెర డబ్బాలో చీటీలు వేసి తీస్తే మెలాహత్‌కి ఆఖరిది వచ్చింది. ఆఖరున ఉండటం ఆమెకి అలవాటే కనక అప్పుడేమీ అనిపించలేదు. ఈ ఎనిమిది నెలల్లోనే బంగారం మెట్లెక్కడం మానేసి పరుగెత్తడం మొదలుపెట్టింది. ఏడుగురూ పావులు తీసుకుని, ఒకరు ఫ్రిజ్ కొని, ఒకరు పళ్లు కట్టించుకుని కూర్చున్నాక, ఇవాళ, సరిగ్గా ఇవాళ, గ్రాము.

ఏడు గ్రాములు. దానికి తను దాచుకున్న నాలుగూ కలిపితే పదకొండు. పదకొండా? ఇంకోసారి. పదకొండే. చాలదు.

గుడ్డ కాలిన వాసన ముందు పెరిహాన్‌కే తగిలింది.

"అక్కా! పెట్టె ఎత్తు!"

కాలరు మీద పసుపురంగు మచ్చ, పెట్టె ముక్కు ఆకారంలో. ఇరవై రెండేళ్లలో మొదటిది. మెలాహత్ దాన్నే చూస్తూ నిలబడిపోతే పెరిహాన్ ఆ చొక్కా లాగి పేలికల గోతంలో కుక్కేసింది.

"నేను చూళ్లేదు. నువ్వూ చూళ్లేదు. నీళ్లు తాగు."

మధ్యాహ్నం పన్నెండుకి కార్ఖానా వదిలారు. మెలాహత్ నడవలేదు, దాదాపు పరుగెత్తింది, కంసాలుల బజారు దాకా. రిఫత్ దుకాణంలో ధరల పలక మీద ఎర్ర అంకెలు ఆమె చూస్తుండగానే ఒకసారి రెప్పవేసి మారిపోయాయి.

"రా చెల్లెమ్మా," అన్నాడు రిఫత్. "రెండేళ్లుగా వారం వారం వస్తున్నావు, కొన్నది నాలుగు గ్రాములు. ధర అడిగినందుకు కూడా డబ్బులు తీసుకునుంటే నేనీపాటికి ఇంకో దుకాణం పెట్టేవాణ్ణి."

ఆ నాలుగూ ఓవర్‌టైం డబ్బులు. ఒక్కో గ్రాము బిళ్ల కందిబద్దంత, అట్టకి అంటించిన ప్లాస్టిక్ కింద. చొక్కాచేతులు ఇస్త్రీ చేసే చిన్న చెక్క ఒకటి ఇంట్లో ఉంది, దాన్ని ఆమె తప్ప ఎవరూ ముట్టుకోరు. దాని మెత్త విప్పి, లోపల పెట్టి, మళ్లీ కుట్టేసింది. నాలుగుసార్లు విప్పింది, నాలుగుసార్లు కుట్టింది.

"గది సంగతి..." అంది మెలాహత్.

సేత్‌బాషి వంతెన దగ్గర రిఫత్‌కి పాత మేడ ఉంది. దాని పైఅంతస్తులో ఒక్క గది, ఒక పొయ్యిగట్టు, కొండవైపు కిటికీ. తలుపుకి లోపలివైపు గడియ. చూడటానికి వెళ్లిన రోజు ఆమె కిటికీ సరిగ్గా చూడలేదు, పొయ్యిగట్టు చూడలేదు, ఆ గడియే మూడుసార్లు వేసి తీసింది.

"అడ్వాన్సూ అద్దే కలిపి ఎనిమిది పావులన్నాను, ఎనిమిదే. ధర పెరిగిందని ఎక్కువ అడిగానా? లేదు. కానీ ఇంకొకడు తిరుగుతున్నాడు, కాలేజీ కుర్రాడు. రేపు మధ్యాహ్నం దాకా ఆగుతాను. దుకాణం మూసినా నేనా మేడ కిందే ఉంటాను."

"గ్రాములైతే ఎన్ని?"

"గ్రాములైతే పదమూడు." కళ్లజోడు మీంచి చూశాడు. "మీ అన్నకి చెప్పావా?"

"రేపు ఎన్నింటికి రమ్మంటారు?" అంది మెలాహత్.

ఇల్లు ఎక్కే మెట్లదారిలో లెక్క ఆగలేదు. పావులే పెడితే ఏడు. తన గ్రాములు నాలుగూ మార్చితే ఇంకో రెండు పావులు, పైన కాస్త చిల్లర. మొత్తం తొమ్మిది. ఎనిమిది గదికి. తొమ్మిదోది మంచానికి. పాత సామాన్ల కొట్టు బయట నీలం రంగేసిన ఇనప మంచం ఒకటి పరుపుతో సహా నిలబెట్టి ఉంది, నెలరోజులుగా ఎవరూ కొనలేదు, దాని పక్కనుంచి వెళ్లిన ప్రతిసారీ ఆమె చెయ్యి దానికి తగులుతుంది, అనుకోకుండా తగిలినట్టు.

మూడింటికల్లా హాలంతా ఆడవాళ్లు. పాలకూర పెట్టిన పొరల రొట్టె, బోరెక్, పొయ్యిమీంచి దిగింది, గోధుమరవ్వ కలిపిన పళ్లెం చేతులు మారుతోంది. మెలాహత్ కూర్చోలేదు. గాజుగ్లాసుల్లో టీ పోస్తుంది, వంటింట్లోకి వెళ్తుంది, ఎందుకు వెళ్లిందో మర్చిపోతుంది, తిరిగొస్తుంది, నిండుగా ఉన్న గ్లాసు మీద మళ్లీ టీ వంచుతుంది.

"అమ్మాయ్, నా ఒళ్లో పోస్తున్నావ్," అంది హాజెర్ పిన్ని. డెబ్బై మూడేళ్ల మనిషి, సందంతటికీ పెద్ద.

గుల్సుమ్ గొంతు సవరించుకుంది. "పొద్దున రాశాను కదా, గ్రాము సంగతి. అందరికీ సమ్మతమేనా? మన మెలాహత్‌దే కదా ఇవాళ, మనింటి మనిషే, ఏమీ అనుకోదు."

అందరూ మెలాహత్ వైపు చూశారు. అనుకుంటానని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. ఇరవై ఏళ్ల అలవాటు ఆ నోటిని మూసేసింది.

"నేను అనుకుంటాను," అంది హాజెర్ పిన్ని.

"అది కాదు పిన్నీ..."

"ఏది కాదు? మొదటి నెల నాది. ఏడు పావులు పట్టుకెళ్లి పళ్లు కట్టించుకున్నాను. ఇదిగో," అని రెండు వరసలూ బయటపెట్టి చూపించింది. "ఈ పళ్లతోనే ఈ పిల్ల బోరెక్ తింటూ, ఈ పిల్లకే గ్రాము పెట్టనా? అరగదే నాకు! గ్రాములు కావాలంటే వచ్చే చీటీ నుంచి. పావుతో మొదలైంది పావుతోనే ముగుస్తుంది."

టీ సాసరు ఒకటి లాక్కుని, రొమ్ము దగ్గర దాచిన రుమాలు విప్పి, ఒక పావు దాంట్లో పడేసింది. ఖంగుమంది. బొటనవేళ్లు ఎత్తినవాళ్లు కూడా సంచుల్లోంచి పావులే తీశారు. తెచ్చుకునే వచ్చారు, ఎవరు ముందు నోరు తెరుస్తారో చూద్దామని కూర్చున్నారంతే. ఆరు పడ్డాయి. మిగిలింది గుల్సుమ్.

ఆమె ముఖం ఎర్రబడింది. లేచి లోపలి గదిలోకి వెళ్లింది. బీరువా సొరుగు తెరుచుకున్న చప్పుడు, ఏదో వెతుకుతున్న చప్పుడు, తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తిరిగొచ్చి పిడికిలి సాసరు మీద తెరిచింది.

ఆ పావుకి కొక్కెం ఉంది, కాస్త వంకరగా అతికింది. కొక్కెంలో ఎర్ర రిబ్బను పోగొకటి ఇంకా ఇరుక్కునే ఉంది.

మెలాహత్‌కి దాన్ని చేత్తో తీసి చూడక్కర్లేదు. పదహారేళ్ల కిందటిది. అన్న కొడుకు ఒనుర్‌కి అప్పుడు ఎనిమిదేళ్లు, సున్తీ పండుగ, తెల్ల శాటిన్ అంగీ, నెత్తిన ఈక టోపీ, భయానికి వాడి పెదవులు వణుకుతున్నాయి. కానుకల్లో మొదటి నాణెం మేనత్తే గుచ్చింది, వాడి భుజం మీద, ఎర్ర రిబ్బనుతో. దానికోసం ఆ చలికాలమంతా బస్సెక్కకుండా కార్ఖానాకి నడిచింది. "నొప్పెడుతుందా అత్తా?" అన్నాడు వాడు. "నాణెం నొప్పెట్టదురా," అంది తను.

"ఎటూ ఇంట్లోదే కదా," అంది గుల్సుమ్ చిన్నగా, ఆమెకి మాత్రమే వినపడేట్టు. కళ్లెత్తలేదు. "చేతిలో ఏమీ లేదు మెలాహత్. వాడి నిశ్చితార్థం ముందుంది. ఒట్టు, ఏమీ లేదు."

"ఏడు పావులు! ఇంకేం, మేనల్లుడికి కాబోయే పెళ్లానికి కంకణం ఖాయం!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. గుల్సుమ్ కూడా నవ్వింది, ఊపిరి పీల్చుకున్నట్టు. మెలాహత్ సాసరు అందుకుని, నాణేలు ఒక్కొక్కటే రుమాల్లోకి వేసుకుంది.

సాయంత్రం నెజాత్ టైర్ల కొట్టు నుంచి వచ్చి, చేతులు కడుక్కుంటూ అడిగాడు. "ముట్టాయా?"

"ముట్టాయి అన్నయ్యా."

"నాకివ్వు, బీరువాలో పెడతాను. సోఫా మీద పడుకునేదానివి, ఎక్కడ దాస్తావు?"

"రేపు," అంది మెలాహత్. ఆ ఇంట్లో ఆమె ఇంత పొట్టిగా ఎప్పుడూ జవాబు చెప్పలేదు. నెజాత్ తువ్వాలు పట్టుకుని ఒక్క క్షణం చూసి, టీవీ వైపు తిరిగాడు.

ఒనుర్ వంటింటి గడపలో నిలబడ్డాడు, ఇప్పుడు గడపంత ఎత్తు. "అత్తా, రేపు అమ్మాయి వాళ్లింటికి కదా. నా తెల్ల చొక్కా..."

"చేసి పెడతా."

"కాలరు గట్టిగా ఉండాలి. వాళ్ల నాన్న మిలిటరీ ఆయన. కాలరు చూసే మనిషిని తూకమేస్తాడట."

"అలాగైతే నిన్ను చూడకముందే ఒప్పేసుకుంటాడు పో."

"నువ్వూ వస్తావుగా?"

"నా ఇస్త్రీ వస్తోంది కదరా," అంది గిన్నె తోముతూ.

మర్నాడు తెల్లవారుజామున కొండమీద ఇంకా పూర్తిగా వెలుతురు రాలేదు. మెలాహత్ సోఫా దుప్పటి మడిచి, దిండు దాని మీద పెట్టి, చేత్తో ఒకసారి సర్దింది. చిన్న చెక్క మెత్త కుట్లు విప్పింది, ఈసారి మళ్లీ కుట్టలేదు. సంచిలో రెండు జతల బట్టలు, చెప్పులు, అమ్మ ఫొటో.

చొక్కా పరిచింది. కాలరు లోపలివైపు, కాలరు పైవైపు, భుజాలు, కఫ్‌లు, చేతులు, గుండీల పట్టీ. ఇవాళ చెయ్యి ఫోన్ వైపు వెళ్లలేదు.

రుమాలు విప్పింది. ఆరు పావులు ఒకవైపు, గ్రాములకొచ్చే రెండూ కలిస్తే గదికి ఎనిమిది. కొక్కెం పావు ఒకవైపు, తొమ్మిదోది. కొక్కెం ఉన్నదానికి రిఫత్ కాస్త తగ్గిస్తాడు, కానీ తీసుకుంటాడు. ఇనప మంచం, నీలం రంగు, పరుపుతో సహా. ఆమె ఆ నాణేన్ని రుమాల్లోకి వేసింది, తీసింది, మళ్లీ వేసింది. సంచి భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్లింది. ఆగింది. గొణుక్కుంటూ వెనక్కి వచ్చింది.

ఒకరికి గుచ్చిన నాణేన్ని ఎవరు మాత్రం తిరిగి తీసుకుంటారు? నేలమీద పడుకుంటే నడుమేమీ విరిగిపోదు.

కుట్టుపెట్టెలో ఎర్ర రిబ్బను ముక్క దొరికింది, గుండుసూది దొరికింది.

"ఎవరది?" అంది గుల్సుమ్ లోపలి గదిలోంచి, నిద్రగొంతుతో. "మెలాహత్, పనికా? ఆదివారం కదే ఇవాళ?"

"ఆదివారమే వదినా. పడుకో."

గుల్సుమ్ పడుకుంది. తాళంచెవి దిండు మీద పెట్టి, మెట్ల వైపు తలుపు తీసి, బయటికి వెళ్లి, తన వెనక తనే తలుపు మూసింది మెలాహత్, మెల్లగా, గడియ పడ్డ చప్పుడు చివరిదాకా వింటూ.

ఆ గాలికి గది తలుపుకి తగిలించిన తెల్ల చొక్కా ఒక్కసారి కదిలింది. ఇస్త్రీ వేడి ఇంకా ఆరని ఎడమ భుజం మీద, కొత్త ఎర్ర రిబ్బనుకి వేలాడుతూ, వంకర కొక్కెం పావు కాసేపు ఊగి, ఊగి, ఆగింది.