కొక్కేల నడుమ సుక్కమ్మ

ముడిమ్యాలలో ఎవరింటి పెళ్లయినా అప్పగింతల పాట మా అక్క సుక్కమ్మా, నేనూ పాడాలి. తల్లి మాటలు అక్కవి, అత్తింటికి పోయే పిల్ల మాటలు నావి. నావి అందరూ పాడేవే. అక్కవి మాత్రం ఆమె సొంతంగా కట్టుకున్నవి. మొయినాబాద్ దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీవాళ్లు వచ్చి, ఏ మాట ఎవరిదో పేర్లతో సహా రాసుకుని పోయారు. ఆ తరువాత అక్క పోయింది. పిల్లలు లేని మనిషి, ఫొటో కూడా దిగలేదు. ఆ మాటలు ఆమెవని పదిమందికి తెలిసే దారి ఇక ఆ కాలేజీ వెబ్‌సైటే.

పాట పేజీ తయారైంది, వచ్చి చూసుకొమ్మని కాలేజీలో ఆ పని చూసే శశిధర్ సారు కబురు పెట్టాడు. చేవెళ్లలో మెహిదీపట్నం బస్సెక్కి, స్టాపు దాటిపోతుందేమోనని దారంతా నిలబడే ఉన్నాను.

సారుకు ఏసీ గది, తిరిగే కుర్చీ, మెడలో ఐడీ కార్డు. ఆ కార్డు తీస్తే తన పేరు తనకే గుర్తుండదేమో. బడికి పోకుండా నేర్చుకున్న చదువు నాది. తెర మీద వేలు పెట్టి మెల్లగా చదివాను. పాటంతా ఒకే ముద్ద. తల్లి మాటకు పిల్ల మాట అతుక్కుపోయింది. పేర్లు లేవు. ఏడుస్తున్నదెవరో, ఓదారుస్తున్నదెవరో తెలియదు.

“ఒక్క అక్షరం పోలేదవ్వా, లెక్క చూసిన,” అన్నాడు సారు.

“అక్షరాలున్నయి గని, మా అక్క ఏది సారూ?”

అప్పుడాయన ఎక్స్‌ఎమ్‌ఎల్ అన్నాడు, స్టైల్‌షీట్ అన్నాడు, ఇంకా చాలా అన్నాడు. నాకు అర్థం కాదన్న ధీమాతో ఆయనకు ఇంగ్లీషు బాగా వచ్చింది. పక్క బల్ల దగ్గరి లెక్చరర్ ప్రగతి మేడం తెలుగులో చెప్పింది. ఫైల్లో ప్రతి మాటకూ పాడినవాళ్ల పేరుతో ఒక తొడుగు ఉంటుందట. దాన్నే ట్యాగ్ అంటారట. ఫైలును పేజీగా మార్చే స్టైల్‌షీట్, పాట ముక్కను స్ట్రింగ్ చేసేటప్పుడు, అంటే ఉత్త అక్షరాల వరస చేసేటప్పుడు, తొడుగులు ఊడబీకి లోపలి మాటలే ఉంచుకుంటుందట. అది చూసుకోవలసినవాడు సారు. ఆయన అక్షరాల లెక్క చూసుకున్నాడు.

మేడం సొంతంగా కొంత కోడ్ రాసి స్టైల్‌షీట్‌కు తగిలించింది, ముక్కను తొడుగుతో సహా స్ట్రింగ్ చెయ్యమని. నేను చాయ్ తాగేలోగా పేజీ మారింది. పేర్లు వచ్చాయి. వాటితోపాటు ట్యాగులూ బయటపడ్డాయి. అక్క ప్రతి మాటకూ ముందూ వెనకా కొక్కేల్లాంటి గుర్తులు, ఆ కొక్కేల నడుమ సుక్కమ్మ.

మేడం నాలుక కరుచుకుంది. బ్రౌజరు ట్యాగులను కూడా మాటలే అనుకుని చూపిస్తోందని, వారంలో సరిచేస్తానని అంది. సారు మొహం వెలిగింది. ఎల్లుండే వెబ్‌సైటు ప్రారంభం, అప్పటికి పాత పేజీయే పెడదామన్నాడు.

“గీ కొక్కేలు చూస్తే జనం నవ్వుతరవ్వా.”

“నవ్వనియ్యుండ్రి సారూ. మా అక్క పేరు సదివినంకనే నవ్వుతరు గద.”

వారంలో వస్తామని చెప్పి పోయినవాళ్లను నేను చాలామందిని చూశాను. చేవెళ్ల బస్సు తప్పిపోతుందని తెలిసినా కుర్చీలోంచి లేవలేదు. చివరికి సారు కషాయం మింగినట్టు మొహం పెట్టి, కొక్కేల పేజీనే ఎక్కించాడు. ఎక్కించాక, మేడం ఫోనులో కూడా తెరిచి చూపించమన్నాను.