ఉప్పు జాడీ

రోస్కో ఇటుక బిరడా లాగి, ఒక కన్ను మూసి, కన్నంలోంచి ఆవం లోపలికి చూశాడు. లోపల ఎరుపు ఇంకా ముదురుగానే ఉంది. గ్యాసు కాస్త పెంచాడు. పొగగొట్టం కింది పలకను కొంచెం లోపలికి తోశాడు. మంట రంగు తేరుకునేదాకా నిలబడి, వెనక్కి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. ఆ కాస్త పనికే ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

"మామయ్యా, మళ్ళీ లేచావంటే నిన్ను ఆ కుర్చీకి కట్టేస్తాను," అంది మార్లీన్, కాఫీ అందిస్తూ. ఆ కుండల షెడ్డు యజమాని ఆవిడే. వాళ్ళ నాన్న కాలంనుంచీ రోస్కో అక్కడ సారె మీద కూర్చుంటున్నాడు, మార్లీన్ గౌన్లు వేసుకుని మట్టిలో దొర్లిన రోజులనుంచీ.

"కట్టెయ్యి. గ్యాసు నీ మొగుడొచ్చి తిప్పుతాడా?"

"ఆయనా! మా ఇంట్లో పొయ్యి వెలిగించడమే రాదు ఆయనకి."

రోస్కో నవ్వబోతే దగ్గు వచ్చింది. మార్లీన్ మొహం తిప్పుకుంది. డాక్టరు చెప్పింది ఇద్దరికీ తెలుసు. ఇన్నేళ్ళ మట్టి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది, ఇక షెడ్డులో అడుగుపెట్టొద్దు అన్నాడు. ఈ ఒక్క ఆవం కాల్చి మానేస్తానని రోస్కో మాటిచ్చాడు. మానేశాక ఏమిటన్నది ఎవరూ మాట్లాడలేదు.

పెద్ద చెప్పుకోదగ్గ మనిషేం కాదు రోస్కో. మేజోళ్ళ మిల్లు మూసేస్తే పని వెతుక్కుంటూ వచ్చి, ముందు షెడ్డు ఊడ్చాడు, తర్వాత మట్టి పిసికాడు, ఆ తర్వాత సారె ఎక్కాడు. కప్పులు, గిన్నెలు, మజ్జిగ కూజాలు, పళ్ళాలు. సారె మీదికి వంగీ వంగీ ఎడమ భుజం కుడిదాని కంటే దిగిపోయింది. గోళ్ళ అంచుల్లో మట్టి ఎన్ని స్నానాలు చేసినా వదలదు. చేసిన ప్రతి కుండ అడుగునా షెడ్డు ముద్రే తప్ప అతని పేరు ఎక్కడా లేదు. మా కౌంటీలో సగం మంది పొద్దున్నే రోస్కో కప్పులో కాఫీ తాగుతారు. ఆ సంగతి వాళ్ళకి తెలీదు, అతను చెప్పుకోనూ లేదు.

అతని ఇంట్లో మాత్రం ఒక్క కప్పూ నిటారుగా నిలబడదు. అమ్మడానికి పనికిరానివన్నీ ఇంటికే చేరతాయి. మూతి వంకరపోయినవి, పగులు వారినవి, పిడి ఊడినవి. "కుండలు చేసేవాణ్ణి కట్టుకుని, చూడు నా భాగ్యం! వచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వాలంటే సిగ్గు," అని వెల్డా పెళ్ళయినప్పటినుంచీ సాధిస్తూనే ఉంది. ఆమెకి ఈమధ్య కీళ్ళవాతంతో వేళ్ళు ముడులు పడిపోయాయి. ఉప్పు అట్టపెట్టె రేకు మూత తెరవలేక వంటింట్లో ఏడుస్తుంటే ఎండాకాలంలో ఒకరోజు రోస్కో చూశాడు. మర్నాడు షెడ్డునుంచి మెత్తటి మట్టి ముద్ద తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"పట్టుకో."

"ఏం చెయ్యమంటావు దీన్ని, వేయించి పెట్టనా?"

"ఊరికే పట్టుకోవే."

ఆమె వంకర వేళ్ళు ఎలా మూసుకుంటే అలా ముద్ద మీద గుంటలు పడ్డాయి. ఆ ముద్దని చూస్తూ మూతకి బుడిపె చేశాడు. పెద్ద బుడిపె, ఆ వేళ్ళకి సరిపడే గుంటలతో. కింద ఉప్పు జాడీ. దాన్ని ఆవంలో ముందువైపు, పై పలక మీద పెట్టాడు. మెరుగు కోసం ఆవంలోకి కొట్టే సోడా ఆవిరి బాగా తగిలే చోటు అదే, నారింజ తొక్కలాంటి మెరుగు అక్కడే వస్తుంది. వెల్డాకి ఒక్కటంటే ఒక్కటి, ఏ లోపమూ లేని కుండ ఇచ్చి పోవాలి. అతనికి మిగిలిన కోరిక అంతే.

ఎండెక్కాక దగ్గు ఎక్కువైంది. గొంతు బిళ్ళ కోసం కోటు జేబులో వెతికాడు. చిన్నవి, గుండ్రటివి తగిలితే ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. అది కరగలేదు. నాలుకకి అతుక్కుపోయింది.

ఉమ్మి చేతిలో వేసుకుని చూశాడు. తెల్లమట్టి ఉండ. జేబులో చెయ్యి పెడితే ఇంకో రెండు. శనగగింజలంత ఉన్నాయి.

సోడా ఆవిరి తగిలిన మట్టి గాజవుతుంది, ఒకదాన్నొకటి తాకిన చోట శాశ్వతంగా అతుక్కుపోతుంది. అందుకే ఆవంలో పెట్టే ప్రతి కుండ అడుగునా, ప్రతి మూత కిందా ఈ తెల్ల ఉండలు పెడతారు. వాటికి సోడా అంటదు. వెల్డా జాడీ మూత కోసం ఈ మూడూ తనే చేసుకున్నాడు. పెట్టబోతుంటే దగ్గు తెర వచ్చింది, మార్లీన్ నీళ్ళకి పరిగెత్తింది, ఉండలు జేబులో పడేసి గోడకి ఆనుకున్నాడు. తేరుకున్నాక మూత మూసేసి రెండో వరస మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళలో ఎన్ని వేల మూతలు పెట్టాడో! ఒక్కదానికీ మరిచిపోలేదు. దీనికి మరిచిపోయాడు. ఉండలు మూడూ మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

తలుపు ఇటుకలతో పేర్చి మట్టితో మెత్తేశారు. లోపల మండుతోంది. ఇక ఎవరేం చేసినా ఆ మూత ఎత్తలేరు.

వెల్డా మధ్యాహ్నం చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె తెచ్చింది. నడుముకి చేతులు పెట్టుకుని ఆవం ముందు నిలబడింది.

"నా జాడీ ఏదయ్యా?"

"లోపల. ముందువైపు."

"ఈసారన్నా వంకర లేకుండా వస్తుందా?"

"వంకర ఉండదు," అన్నాడు. అది నిజమే.

"వెల్డా," అన్నాడు మళ్ళీ. "ఆ జాడీ..."

"చెప్పకు! తెరిచాక నా కళ్ళతో నేనే చూస్తా. చర్చిలో అందరికీ చెప్పేశాను, మా ఆయన నాకోసం చేశాడని." ఆమె మొహంలో ఎన్నాళ్ళకో కనిపించిన ఆ సంబరం చూసి రోస్కో రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

పొద్దు వాలుతుండగా, వేడి సరిపోయిందో లేదో చెప్పే లోపలి మట్టి శంకులు వంగాయి. బట్టల సోడా వేడినీళ్ళలో కలిపి, తోటలో మందు కొట్టే పంపుల్లో నింపారు. వెనక కన్నాలు మార్లీన్‌వి, ముందు కన్నాలు రోస్కోవి. ఎప్పుడూ అంతే. పిచికారీ గొట్టం లోపలికి పెడితే సుయ్యిమంటూ చిటపటలాడి, పొగగొట్టంలోంచి తెల్లటి మబ్బు లేచింది.

రోస్కో ముందు కన్నంలో గొట్టం పెట్టాడు. మీట నొక్కలేదు. నొక్కకపోతే ముందువైపుకి సోడా అంతగా రాదు. మూత అతుక్కోకపోవచ్చు, చిన్న కొయ్యతో తడితే ఊడి రావచ్చు. మెరుగు లేకపోతే పోనీ, తెరుచుకుంటే చాలు. ఊరికే చేతులాడిస్తూ, మార్లీన్ ఇటు చూసినప్పుడు మాత్రం కాస్త వదిలాడు. జన్మలో ఎన్నడూ చెయ్యని పని అది.

మార్లీన్ ఇనుప చువ్వతో ముందువైపునుంచి, మెరుగు ఎంత పట్టిందో చూడ్డానికి పెట్టిన గురుతు మట్టి కడియం ఒకటి బయటికి లాగి నీళ్ళలో ముంచింది. వేళ్ళతో తడిమి చూసింది.

"ఎండిపోయినట్టుందేం మామయ్యా? ముందువైపు కొట్టావా?"

"కొట్టాను."

ఆమె కడియం పక్కన పెట్టేసింది. రోస్కో మాట కాదనడం ఆమెకి అలవాటు లేదు. అతనికి మాత్రం చెవులు కాలిపోయాయి. కన్నంలోంచి చూశాడు. పై పలక మీద జాడీ తెల్లగా వెలుగుతోంది. దాని కింద వరసలో చర్చి వంటింటివాళ్ళు అడిగిన పళ్ళాలు. బుధవారం సాయంత్రాలు ఊరంతా తినే పళ్ళాలు. సోడా తగలకపోతే అవి గరుకుగా మిగిలిపోతాయి, ఫోర్కు గీస్తే పళ్ళు జివ్వుమంటాయి. వాటిని చేసిందీ తనే. తన చేతులమీదుగా ఎన్నడూ అలాంటివి బయటికి వెళ్ళలేదు.

కళ్ళు చెమ్మగిల్లాయి. పొగవల్ల కాదు.

"ఇంకో పంపు నింపమ్మా," అన్నాడు. "సరిగ్గా కొట్టలేదు నేను."

ఈసారి మీట గట్టిగా నొక్కి పట్టాడు. ఒక్కో మూలకీ, ఒక్కో వరసకీ, చివరికి పై పలకకీ. పంపు ఖాళీ అయ్యేదాకా వదల్లేదు. తర్వాత తీసిన కడియం తడి రాయిలా నిగనిగలాడింది. "అదీ! ఇదీ మా మామయ్యంటే," అంది మార్లీన్. రోస్కో గ్యాసు కట్టేసి, కన్నాలన్నీ మూసి, తన కోటు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆవం చల్లారడానికి టైము పడుతుంది. మర్నాడు పొద్దున కాఫీ పట్టుకుని వసారాలోకి వెళ్ళిన వెల్డాకి రోస్కో కుర్చీలో తల పక్కకి వాల్చి కనిపించాడు. ఆయాసం లేదు. నిద్రపోతున్నాడనుకుని కాఫీ పక్కన పెట్టి, కప్పడానికి దుప్పటి తెచ్చింది. కప్పాకే తెలిసింది.

సమాధి కార్యక్రమం అయ్యేదాకా మార్లీన్ ఆవం తెరవలేదు. తెరిచాక, ఆ జాడీని గుండెకి హత్తుకుని తీసుకొచ్చింది. మంటవైపు నారింజ రంగు, రెండోవైపు తేనె రంగు, ఒళ్ళంతా మెరుగు. ఎక్కడా వంకర లేదు, పగులు లేదు.

"అత్తయ్యా, మూత..." అంటూ మార్లీన్ ఏడ్చేసింది. "ఉండలు పెట్టడం మరిచిపోయాడు. కొయ్యతో కొట్టి చూడనా? ఒక్కోసారి ఊడుతుంది. లేదంటే నేనే ఇంకోటి చేసిస్తాను."

వెల్డా అరచెయ్యి తెరిచింది. కోటు జేబులో దొరికిన మూడు తెల్లమట్టి ఉండలు ఉన్నాయందులో. కుండలవాడితో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి, అవేమిటో ఆమెకి ఒకరు చెప్పాలా?

"చెప్పబోయాడే నాకు," అంది. "నేనే నోరు నొక్కేశాను. కొట్టకు, ఉండనీ."

ఉప్పు ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది. దాని పక్కన జాడీ. రోజూ పొద్దున్నే వెల్డా ఆ బుడిపె మీద చెయ్యి వేస్తుంది. ముడులు పడ్డ వేళ్ళు ఒక్కొక్కటీ వాటి గుంటల్లో కూర్చుంటాయి, నొప్పి లేకుండా. మూత ఎత్తుతుంది. జాడీ మొత్తం లేచి వస్తుంది.