సూది దిగని ఎర్ర ముక్క

పొద్దున ఎనిమిదిన్నరకు అరుణ టిఫిన్ డబ్బా బ్యాగులో పెట్టుకుంటుంటే, పక్కింటి యాదలక్ష్మి గోడ మీది నుంచి తొంగిచూసి అరుణ అత్తగారిని పిలిచింది.

"ఇంద్రమ్మక్కా, జర మా ఆయన ముక్క చూడరాదే. పెద్ద అంబర్‌పేట్ పోయిండు, ఫోను ఎత్తుతలేడు."

ఇంద్రమ్మ లోపలి నుంచి పాత బొంత తెచ్చి, అందులో ఒక నల్ల ముక్కను వెతికి అరచేత్తో నిమిరింది. "చెమట పట్టింది. ఎండల నడుస్తున్నట్టుండు. మంచిగనే ఉన్నడు పో."

యాదలక్ష్మి సరేనని పొయ్యి మీద పప్పు చూసుకోవడానికి వెళ్లిపోయింది.

ఎల్‌బీ నగర్‌లోని ఆ గల్లీలో ఇది రోజూ ఉండేదే. ఒక మనిషి రెండేళ్లయినా ఒంటి మీద వేసుకున్న బట్టను ఇంద్రమ్మ బొంతలో కలిపి కుట్టిందంటే, ఆ ముక్క ఆ మనిషితోనే ఉండిపోతుంది. మనిషి వానలో తడిస్తే ముక్క తడుస్తుంది, జ్వరం వస్తే వేడెక్కుతుంది. అయితే ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడు రంగులు తప్ప ఇంద్రమ్మ వేరే బట్ట ముట్టదు. పూల బట్ట ఇస్తే తిప్పి పంపిస్తుంది. "పూలల్ల మనిషి కానరాడు" అంటుంది. జానెడు జానెడు ముక్కలు కత్తిరించి ఎరుపు పక్కన నలుపు, నలుపు పక్కన తెలుపు పేర్చి, కింద పాత నూలు చీరలు రెండు మూడు మడతలు పరిచి, పెద్ద సూదితో అన్నీ కలిపి కుడుతుంది. అంతే, ఇంకో పనితనం ఏమీ ఉండదు. దూరం నుంచి చూసినా కళ్లకు కొట్టినట్టు కనిపిస్తుంది.

ఎప్పుడో ఒకసారి ఒక ముక్కలోకి సూది దిగదు. పైన బట్ట మెత్తగానే ఉంటుంది, లోపలెక్కడో గట్టిగా తగులుతుంది. లింగస్వామి ముక్కకు అట్లాగే అయితే కిడ్నీలో రాయి బయటపడింది. అంతయ్య ముక్కకు అయినప్పుడు మాత్రం ఆయన నవ్వి, పొలం అమ్మకం పని ఉందని వెళ్లిపోయాడు. తొమ్మిది రోజులకు గుండె ఆగింది. అప్పటి నుంచి సూది దిగకపోతే ఇంద్రమ్మ ఎవరినీ నవ్వనివ్వదు.

ఇప్పుడు ఆమె కుడుతున్న బొంత కూతురు ప్రణతి కోసం. ప్రణతికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, మరో రెండు వారాల్లో వెళ్లాలి. ఇంట్లో అందరి ముక్కలూ బొంతలో ఉండాలని ఆమె పట్టు. తల్లిది నల్ల చీర అంచు, అన్న వంశీది తెల్ల చొక్కా. "వదినా, నీది ఎర్రది ఇయ్యి, ఆ ఎరుపు నడిమిట్ల పెడితే మస్తుగుంటది" అంది ప్రణతి.

"ఇస్త" అంది అరుణ. అన్నది గానీ, బట్ట తీయడానికి లేవలేదు.

పద్దెనిమిది రోజుల కింద స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో, చంక దగ్గరగా, రేగి గింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. మర్నాడు ఉంది, ఆ మర్నాడూ ఉంది. మొగుడితో చెప్పలేదు, అత్తతో చెప్పలేదు. నోటితో అంటే నిజమైపోతుందేమోనని భయం. రోజుకు పదిసార్లు చేయి అటే పోయేది. మెట్రోలో నిలబడి కూడా బ్యాగు సర్దుకుంటున్నట్టు మోచేత్తో తడిమి చూసుకునేది. ఇప్పుడు బట్ట ఇస్తే ఇంద్రమ్మ సూది అన్నీ చెప్పేస్తుంది.

అరుణ పనిచేసేది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో. చీర తెచ్చినవాళ్లకు దానికి సరిపడే జాకెట్టు గుడ్డ, ఫాల్, లంగా చూపించాలి. ఆ పని ఆమెకు నేర్పింది సూర్యప్రభ. నలభై ఆరేళ్ల మనిషి, పాలకొల్లు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా అదే కౌంటరులో ఉంది. పెళ్లి చేసుకోలేదు, తండ్రి బాపిరాజుతో కొత్తపేటలో ఉంటుంది. చీర ఒక్కసారి చూస్తే చాలు, నిచ్చెనెక్కి సరిగ్గా సరిపడే గుడ్డ తానునే లాగుతుంది.

ఆ వారమే షాపులో కొత్త యూనిఫాంలు ఇచ్చారు. మూడేళ్లుగా వేసుకున్న పాతవి అందరివీ ఒకటే రకం, ఎర్ర నూలు కుర్తాలు. అరుణకు ఆ ఆలోచన అప్పుడే వచ్చింది.

"అక్కా, నీ పాత కుర్తా పారేస్తవా? నాకియ్యి. ఇంట్ల కిటికీలు తుడుస్తానికి పనికొస్తది."

"తుడుచుకోవడానికేగా, తీసుకో" అని సూర్యప్రభ కవరులో పెట్టి ఇచ్చింది. "మెత్తగా ఉంటుంది, గీతలు పడవు."

ఇంటికి తెచ్చి అరుణ దాన్ని తన పాత కుర్తాతో కలిపి ఒకే బకెట్లో నానబెట్టి ఉతికింది. ఆరాక రెండూ తీసింది. సూర్యప్రభది అనుకున్నది అత్త చేతిలో పెట్టింది. రెండోది మడిచి కవరులో చుట్టి, చెత్త బండి వస్తే అందులో వేసేసింది. ఆ పూట కాస్త ఊపిరాడింది.

మూడో రోజు ఆదివారం. మధ్యాహ్నం వరండాలో బొంత పరుచుకుని కుడుతున్న ఇంద్రమ్మ ఉన్నట్టుండి ఆగింది, సూది మొన విరిగింది. ఇంకో సూది తీసింది. అదీ టక్కుమని విరిగింది. మూడోది వంగిపోయింది. విరిగిన ముక్కలు ఏరి తెల్ల ముక్క మీద పెట్టి, అరుణ వైపు చూసింది.

"బిడ్డా, ఇటు రా."

అరుణ వెళ్లి కూర్చుంది.

"నీ ముక్కల సూది దిగుతలేదు. ఏమైంది నీకు? దాపెట్టకు."

అరుణకు మొదట దొరికిపోయాననిపించింది. తర్వాతి క్షణంలో అది తన ముక్క కాదు కదా అని గుర్తొచ్చింది. ఆ వెంటనే ఇంకో భయం పుట్టింది. నిజంగా తనది కాదా? రెండు కుర్తాలు, ఒకటే కొలత, ఒకటే వెలిసిపోయిన ఎరుపు, రెండింటి జేబుల దగ్గరా కత్తెర గుచ్చుకున్న చిల్లులు. తాడు మీంచి తీసేటప్పుడు ఏది ఏదో నిజంగా చూసిందా? పారేసింది ఎవరిది?

"గడ్డ ఉంది అత్తమ్మా" అంది మెల్లగా. కుర్తా సంగతి నోట్లోనే ఉండిపోయింది.

ఇంద్రమ్మ కోప్పడలేదు. "ఎన్ని దినాలైంది?" అని మాత్రం అడిగింది. మర్నాడు పొద్దున్నే వంశీకి చెప్పి, కోడల్ని చైతన్యపురిలో ఆడ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. చేత్తో చూశారు, స్కాన్ తీశారు, సన్న సూదితో గడ్డలోంచి కొంచెం తీసి పరీక్షకు పంపారు. నాలుగు రోజుల తర్వాత రమ్మన్నారు.

ఆ నాలుగు రోజులు అరుణ షాపుకు వెళ్తూనే ఉంది. సూర్యప్రభ నిచ్చెన ఎక్కుతుంటే కింద నిలబడి చూసేది. నిచ్చెన దిగి నడుం పట్టుకున్నా, దగ్గినా తల ఎత్తేది. ఆ ముక్క తనదైతే ఆమె బాగున్నట్టు, తనది కాకపోతే! అంతకు మించి ఆలోచన ముందుకు పోయేది కాదు. ఇంట్లో తన పాత బట్ట ఇంకొకటి తీసి అత్త చేత సూది గుచ్చించి చూసుకోవచ్చు. రెండుసార్లు బీరువా దాకా వెళ్లింది. తలుపు తెరవలేకపోయింది. ప్రణతి ఆ గురువారం బొంత లేకుండానే రైలెక్కింది. "తర్వాత పంపు అమ్మా, వదిన సంగతి ముందు చూడు" అంది.

శుక్రవారం డాక్టరు కాగితం చూసి నవ్వింది. చిన్న వయసు ఆడవాళ్లలో వచ్చే మామూలు గడ్డేనని, ప్రమాదం లేదని, ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలని చెప్పింది.

మెట్రో ప్లాట్‌ఫాం మీద ఇంద్రమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అరుణ తుడుచుకోలేదు, ఆమెకు ఏడుపు రావడం లేదు.

"మరి సూది ఎందుకు దిగలే?" అంది ఇంద్రమ్మ. తనలో తను అనుకున్నట్టుగానే అంది. "మామూలు గడ్డకు మూడు సూదులు పాడుగావు గద."

"అత్తమ్మా, ఆ ముక్క నాది కాదు."

ఎల్‌బీ నగర్ రైలు వచ్చి ఆగింది, తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి, వెళ్లిపోయింది. అరుణ అంతా చెప్పేదాకా ఇంద్రమ్మ రైలు వైపు చూడలేదు.

"ఆమెకు చెప్పినవా?"

"లేదు. ఏదెవరిదో నాకే ఎరుక లేకుండె. ఇయ్యాల దాక."

"ఇయ్యాల ఎరుకైంది గద" అని ఇంద్రమ్మ లేచి మెట్లు దిగి, అటువైపు ప్లాట్‌ఫాం ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్ రైలు కోసం నిలబడింది. అరుణ వెనకాలే పోయింది. దారంతా అత్త చేతిసంచీలో మడిచిన ఎర్ర ముక్కను పట్టుకునే ఉంది. కోడలి పరీక్ష సంగతి తేలేదాకా విడవనని, దాన్ని బొంతలోంచి తీసి నాలుగు రోజులుగా తన దగ్గరే ఉంచుకుంది.

షాపులో మధ్యాహ్నం రద్దీ తగ్గి, సూర్యప్రభ తానులు చుడుతోంది. అరుణ ఆమెను వెనక గోడౌన్లోకి పిలిచి, నిలబడే అంతా చెప్పింది. సూర్యప్రభ మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

"కిటికీలు తుడుచుకోవడానికన్నావు కదే."

అరుణ తల దించుకుంది.

"అంటే నీకు ఏదైనా ఉంటే తెలియకూడదని, నీ చోట నన్ను పెట్టావన్నమాట. అడిగితే నేనివ్వనా? అబద్ధం ఎందుకు చెప్పావు అరుణా?"

"తప్పయింది అక్కా."

"నాకేం లేదండీ" అంది సూర్యప్రభ ఇంద్రమ్మ వైపు తిరిగి. గొంతు పైకి లేచింది. "రాయిలా ఉన్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిచ్చెన ఎక్కి దిగుతున్నాను. ఇన్నేళ్లలో ఒక్క రోజు సెలవు పెట్టినదాన్ని కాదు."

ఇంద్రమ్మ ముక్కను ఆమె చేతిలో పెట్టి, సూది ఇచ్చింది. "నువ్వే గుచ్చు బిడ్డా."

చీరలకు ఫాల్‌లు కుడుతూ సూర్యప్రభ ఎన్ని వేల గుడ్డల్లో సూదులు దింపిందో లెక్క లేదు. బట్టను రెండు వేళ్ల మధ్య సాగదీసి గుచ్చింది. సూది ఆగింది. చోటు మార్చి గుచ్చింది. బొటనవేలితో బలంగా నొక్కింది. సూది మధ్యకు వంగి చేతిలోంచి జారి కింద పడింది. దాన్ని తీయడానికి ఆమె వంగలేదు. అక్కడున్న తానుల మీద కూర్చుండిపోయింది.

"నాన్నకి చెప్పకండి" అంది. "ముందు చూపించుకుంటాను."

మర్నాడు షాపుకు సెలవు పెట్టింది. అరుణ కూడా పెట్టింది. చేత్తో తడిమితే డాక్టరుకు ఏమీ తగల్లేదు. ఇంద్రమ్మ గది బయటి నుంచే "ఫొటో తియ్యండి, లోపల చూడండి" అని పట్టుబట్టింది. ఎక్స్‌రేలో కుడి రొమ్ములో, బాగా లోతున, బియ్యపు గింజలు చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించాయి. అక్కడి నుంచి చిన్న కండ ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరే. కానీ అప్పుడే మొదలైంది, ఎక్కడికీ పాకలేదు. చేతికి తగిలేదాకా ఆగి ఉంటే మాట వేరుగా ఉండేదని, ఇంత తొందరగా ఎట్లా వచ్చారని డాక్టరు అడిగింది. "సూది దిగలే" అంది ఇంద్రమ్మ. డాక్టరు తలూపి, ఆపరేషన్‌కు తారీకు రాసింది.

ఆపరేషన్ రోజు పొద్దున స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక సూర్యప్రభ అరుణను పిలిచింది. అప్పటికి పది రోజులుగా ఆమె అరుణతో అవసరానికి మించి మాట్లాడలేదు.

"నా కౌంటరు నువ్వే చూసుకో" అంది. "టమాటా ఎరుపూ చెర్రీ ఎరుపూ కలిపేసి పెట్టకు. ట్యూబులైటు కింద రెండూ ఒకేలా కనిపిస్తాయి. బయటికి తీసుకెళ్లి వెలుతురులో చూడు."

"చూస్త అక్కా."

"అలాగే." కళ్లు మూసుకుంది.

థియేటర్ బయట బెంచీ మీద బాపిరాజు గంజి పెట్టిన తెల్లచొక్కా వేసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు మూడు రోజుల కిందే చెప్పారు. అటు పక్కన ఇంద్రమ్మ ఒళ్లో ప్రణతి బొంత ఉంది. ఎర్ర ముక్కను మళ్లీ దాని చోట, నలుపుకూ తెలుపుకూ మధ్య పెట్టుకుని, ఐదు నిమిషాలకోసారి సూది మొనను ఆనించి చూస్తోంది. దిగడం లేదు. అరుణ అత్త చేతినే చూస్తూ నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

పదకొండున్నర అయింది. పన్నెండు దాటింది. ఒక ఆయా ట్రాలీ తోసుకుంటూ వెళ్లింది. ఇంద్రమ్మ మళ్లీ సూది ఆనించి, అలవాటుగా వేలితో నొక్కింది. సూది వెన్నలోకి పోయినట్టు పోయి, కింద పరిచిన మూడు మడతల చీరలు దాటి, ఆమె అరచేతిలో గుచ్చుకుంది.

"అబ్బ" అంది ఇంద్రమ్మ.

బాపిరాజు ఉలిక్కిపడి చూశాడు. "ఏమైందమ్మా?"

"దిగింది అయ్యా."

ఆయన ఆ సూదినీ ఆమె అరచేతిలో లేచిన ఎర్రటి చుక్కనూ చూశాడు. జేబులోంచి రుమాలు తీసి ఆమెకిచ్చాడు. అరుణ అప్పుడు గోడకు ఆనుకుని, అట్లాగే కిందికి జారి కూర్చుని, ఇన్నాళ్లూ రాని ఏడుపు ఏడ్చింది.

ఇంకా మందులున్నాయి, రేడియేషన్ ఉంది, చాలా నెలల తిరుగుడు ఉంది. థియేటర్ తలుపు తెరుచుకోవడానికి ముప్పావు గంట పట్టింది. అప్పటికి ఇంద్రమ్మ ఆ ముక్కకు నాలుగు వైపులా కుట్టు పూర్తి చేసి, దారం పళ్లతో కొరికి తెంపింది.