గులాబీ రంగు నాగమణి

పొద్దున్నే షాపు తెరిచి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, మానిటర్ ఆన్ చేసి దాన్ని తిట్టుకోవడం మధులతకి అలవాటైపోయింది. గాజువాక మెయిన్ రోడ్డు పక్క సందులో గవర్రాజు నడిపే కలర్ ల్యాబులో ఆమె పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. పాత మానిటర్ పోయాక గవర్రాజు కొత్తది తెచ్చి, దానికి కొబ్బరికాయ కూడా కొట్టాడు. అప్పట్నుంచీ ఒక్క ఆల్బమ్ సరిగ్గా రాలేదు. తెర మీద చక్కగా కనబడిన పెళ్ళికూతురు కాగితం మీద పచ్చి మామిడికాయలా దిగుతోంది.

"పసుపు రాశారని సర్దిచెప్పుకుందామన్నా ఇది పసుపు కాదు, పాచి," అంటూ ఫొటోగ్రాఫర్ దేవీప్రసాద్ ఆల్బమ్‌ని రెండోసారి బల్ల మీద పడేసి వెళ్ళాడు.

"ఈసారీ ఇలాగే వత్తే ఆయన ఆటోనగర్ ల్యాబుకి పోతాడు. నువ్వు కూడా నీ దారి సూసుకో," అన్నాడు గవర్రాజు.

"తప్పు నాది కాదు సార్. దీనికి కలర్ ప్రొఫైల్ సరిపడట్లేదు."

"ఏటది?"

"ఏ రంగుని ఎలా చూపించాలో మానిటర్‌కి చెప్పే ఫైలు."

"అయితే సెప్పు దానికి!"

చెప్పకేం, అన్ని రకాలుగానూ చెప్పింది. కంపెనీ వాళ్ళ ప్రొఫైల్ దించి ఇన్‌స్టాల్ చేసి, అదే వాడమని పెట్టింది. రీస్టార్ట్ చేస్తే పాతదే మళ్ళీ వచ్చి కూర్చుంది. పాతదాన్ని తీసేసింది. తెరని పసుపుగా మార్చే నైట్ లైట్ ఆపింది. గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చింది. తెర ప్రతిసారీ ఒకసారి ఆరి, ఆశపెట్టి, మళ్ళీ అలాగే వెలిగింది. చూసి చూసి చివరికి ఏది అసలు తెలుపో ఆమె కంటికే తెలియకుండా పోయింది.

సరిగ్గా అప్పుడు నాగమణి వచ్చింది.

నాగమణి నలుపు తెలుపు మనిషి. పుట్టుకే అంత. ఎర్ర చీర కట్టుకుంటే ఒంటి మీద ఉన్నంతసేపూ బూడిదరంగులో ఉండేది, విప్పి తీగ మీద ఆరేస్తే మళ్ళీ ఎర్రబడేది. "సేపని కింద పెట్టి సూడు నాగమణీ, నీ సేతిలో తాజాగా కనబడదు," అనేవాళ్ళు బజార్లో. అంతకుమించి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

"ఫొటో తియ్యాలమ్మాయ్. కంపెనీ క్యాంటీన్లో వంటపని. కంప్యూటర్లో పెడతంటే బ్లాక్ అండ్ వైట్ సెల్లదంటంది. ఇయాలే ఆఖరు."

"నీకు రంగు నేనెక్కణ్ణుంచి తెచ్చేది అక్కా?" విసుక్కుంది మధులత.

"నాకేటి తెలుసు? కలర్ ల్యాబని బోర్డు మీరే పెట్టుకున్నారు. ఇంకో స్టూడియోలో రంగులు పూశారు, పిరింటు తీసేలోగా కారిపోనాయి."

వాదించే ఓపిక లేక మధులత ఫొటో తీసి తెర మీద తెరిచింది. నాగమణి కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

"అమ్మ! నాకు రంగొచ్చింది!"

తెర మీది నాగమణి బుగ్గలు లేత గులాబీ రంగులో ఉన్నాయి. చీర, జుట్టు, చెంప మీద పుట్టుమచ్చ, అన్నిటి మీదా అదే ఛాయ. ప్రింటు తీస్తే మాత్రం నలుపు తెలుపే. నాగమణి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టేసింది.

మధులత ఒకసారి ఆమెని చూసింది, ఒకసారి తెరని చూసింది. ఈవిడలో ఏ రంగూ లేదు. మరి తెర మీద కనబడుతున్నదంతా మానిటర్ చెప్పే అబద్ధం. ఇన్నాళ్ళూ ఆ గులాబీని తగ్గిద్దామని తను ఆకుపచ్చ కలుపుతూ పోయింది. పెళ్ళికూతుళ్ళకి పాచి పట్టింది అందుకే.

ముందు ఫోన్‌తో తెరనే ఫొటో తీసి, ఆ ఫొటోని నాగమణి దరఖాస్తుకి పెట్టింది. కంప్యూటర్ కిక్కురుమనకుండా తీసుకుంది.

"ఇప్పుడిలా తెర పక్కన కూర్చో అక్కా."

ప్రొఫైళ్ళన్నీ తీసేసి, తెరని ఆమెతో పోల్చుకుంటూ మానిటర్ కిందున్న బటన్‌తో ఎరుపు కొంచెం కొంచెంగా తగ్గించసాగింది.

"ఏటమ్మాయ్, రంగు తీసేత్తన్నావేటి?"

"అది నీది కాదక్కా. దీని రోగం."

"ఒక్క నిమిషం ఉంచు. సూసుకుంటాను."

మధులత బటన్ మీంచి చెయ్యి తీసేసింది. వెనకనుంచి గవర్రాజు ఇంకా అవలేదా అని అరుస్తున్నాడు. వినిపించుకోలేదు. తెరలోని గులాబీ నాగమణిని ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.

"సరే, కానీ," అంది నాగమణి.

సాయంత్రం దేవీప్రసాద్ వచ్చి, కొత్తగా ప్రింటైన ఆల్బమ్‌లో పేజీలు తిప్పి, మొదటిసారి వంక పెట్టకుండా చంకన పెట్టుకుని పోయాడు.

క్యాంటీన్ పని మాత్రం కుదరలేదు. పిలుపొచ్చి వెళ్తే, గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన గులాబీ ఫొటోనీ, ఎదురుగా ఉన్న మనిషినీ చూసి పోలిక లేదని వెనక్కి పంపేశాడు. నాగమణి కంపెనీని, కంప్యూటర్‌ని, మధులతని వరసగా తిట్టుకుంటూ బస్టాపుకి నడుస్తుంటే ఫోన్ మోగింది.

"అక్కా, ఎక్కడున్నావ్? దేవీప్రసాద్ ఊరంతా చెప్పినట్టున్నాడు. ఆటోనగర్ ల్యాబు వాళ్ళ మానిటర్ కూడా అంతేనట. నిన్ను కాసేపు పక్కన కూర్చోమంటున్నారు. ఊరికే కాదు."

"కూకుంటే సాలా?"

"చాలు."

నాగమణి షేర్ ఆటో ఆపింది.

ఇప్పుడు అనకాపల్లి స్టూడియోల నుంచి రుషికొండ ఆఫీసుల దాకా ఆమె కోసం కబుర్లొస్తాయి. గవర్రాజు ల్యాబులోనే ఉండిపొమ్మన్నాడు గానీ ఆమె ఒప్పుకోలేదు. మధులతే అతని దగ్గర మానేసి, స్కూటీ మీద ఆమెని తిప్పుతోంది.

మొన్న రుషికొండలో ఒక ఆఫీసు కుర్రాడు, "మా మానిటర్‌కి ఏ ప్రాబ్లమూ లేదు మేడమ్, చాలా కాస్ట్లీది," అన్నాడు. నాగమణి తన ఫొటో తెరిపించి, కొంగు సర్దుకుని తెర పక్కన కూర్చుంది.

"ముందు నన్ను సూడు బాబూ. తరవాత దాన్ని సూడు."

అతను చూశాడు. ఆమెని, తెరని, మళ్ళీ ఆమెని. తర్వాత వంగి, మానిటర్ కింద బటన్ కోసం వెతుక్కున్నాడు.