డెబ్బై రెండు సెకన్ల నిమిషం

ఆ చదరంగం క్లబ్బులో ఎవరి సత్తా ఎంతో ఏడాదికోసారి, ఒక ఆదివారం మధ్యాహ్నం తేల్చేసేవారు. పన్నెండు పొజిషన్లు. ఒక్కో కాగితం మీద ఆట మధ్యలో ఆగిపోయిన చదరంగం బల్ల బొమ్మ ఉంటుంది. రెండు నిమిషాల్లో అన్నిటికన్నా మంచి ఎత్తు ఏదో రాయాలి. సరైన జవాబులు లెక్కపెట్టి, లెక్కల మాస్టారు తయారుచేసి గోడకు తగిలించిన పట్టికలో చూసుకుంటే రేటింగ్ దొరుకుతుంది. ఎనిమిది సరైతే పదిహేను వందల యాభై. తొమ్మిదైతే పదహారు వందలు. మొదటి నలుగురికీ లీగ్ జట్టులో కుర్చీలు. మనిషి బుర్ర ఇంత తేలిగ్గా తూకానికి వస్తుందా అని మీకు అనుమానం వస్తే, మీరు ఆ మాస్టారితో ఎప్పుడూ వాదించలేదన్నమాట.

గడియారాలక్కకు పదకొండేళ్లుగా పదిహేను వందల యాభయ్యే. నలభై ఎనిమిదేళ్ల మనిషి, తండ్రి నడిపిన గడియారాల రిపేరు కొట్టును ఇప్పుడు తానే నడుపుతోంది. నాలుగో కుర్చీ ఆవిడ అన్నయ్యది. క్లబ్బు కార్యదర్శి కూడా ఆయనే. ఏటా సరిగ్గా తొమ్మిది రాస్తాడు, పదహారు వందలు తెచ్చుకుంటాడు, ఏనుగు మీద ఊరేగొచ్చినంత సంబరపడతాడు. కుర్చీ రానివాళ్లు మ్యాచ్ రోజు టీ కాయాలన్న నియమం ఎక్కడా లేదు. అయినా కాస్తున్నది ఆవిడే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ నాలుగో కుర్చీలో కూర్చోవాలన్నది ఆవిడ కోరిక. అది ఎవరితోనూ అనలేదు, అన్నయ్యతో అసలే అనలేదు.

టైం చూసేది వాళ్ల నాన్న. ఎనభై దాటాయి. క్లబ్బు గడియారాన్ని ముందు పెట్టుకుని, ముల్లు రెండు గీతలు దాటగానే వేలితో బల్ల మీద తడతాడు. గదిలో వేరే గడియారం లేదు. పరీక్ష రోజు అందరి ఫోన్లూ బిస్కెట్ల డబ్బాలో పడేసి మూత పెడతారు.

ఈ తట్టడం దగ్గరే వచ్చింది చిక్కంతా. రెండు నిమిషాలంటే ఎంతో గడియారాలక్కకు ఒంట్లోనే తెలుసు. చిన్నప్పుడు కొట్టులో తేడా రెండు సెకన్లొచ్చినా నాన్న చేత వేళ్ల కణుపుల మీద తిన్న దెబ్బల ఫలితం అది. ఆవిడ లెక్క ప్రకారం నాన్న ఏటా ఆలస్యంగా తడుతున్నాడు. చెయ్యి ముసలిదైపోయింది పాపం అనుకుంది. ముసలాయన నెమ్మదిని వాడుకుని ఆలోచించడం దొంగతనమే అవుతుందని, తన రెండు నిమిషాలూ కాగానే కలం కింద పెట్టి కాగితం బోర్లించేసేది. అంత నిజాయితీ ఎవరడిగారు చెప్పండి. ఎవరూ అడగలేదు, పైగా పేరు పెట్టారు.

"మా చెల్లికి తొందరెక్కువ," అనేవాడు అన్నయ్య, టీ అందుకుంటూ. "ఇంకాస్త ఆగితే తట్టేదే కదా."

ఇక లీగ్ మ్యాచుల సంగతి. అవి ఎప్పుడూ ఊళ్లో ఉన్న ఇంకో పెద్ద క్లబ్బు హాల్లోనే, వాళ్ల గడియారాలతోనే జరిగేవి. మనవాళ్లు నలుగురూ ఏటా టైం అయిపోయి ఓడిపోయి వచ్చేవారు. పెద్ద క్లబ్బు గడియారాలు పరుగెడుతున్నాయని అన్నయ్య పదకొండు ఫిర్యాదులు రాశాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఈ ఏడు పరీక్ష రోజున కింద లాండ్రీలో పెద్ద యంత్రం చెడిపోయింది. పదకొండేళ్లుగా ఆ నేల కింద నుంచి వస్తున్న రొద ఒక్కసారి ఆగేసరికి గదిలో గడియారం టిక్కుమనడం వినిపించింది. మొదటి కాగితం నుంచే గడియారాలక్క చెవి అటు పోయింది. ఐదు కాగితాల్లో రెండు ఖాళీగా బోర్లించింది. ఐదోది అయ్యాక లేచి నిలబడింది.

"నాన్నా, దీని నడక బాలేదు. నిమిషానికి పన్నెండు సెకన్లు వెనక పడుతోంది."

"కూర్చోవే," అన్నాడు అన్నయ్య. "పరీక్ష మధ్యలో ఈ గోలేంటి."

మాస్టారు మాత్రం ఊరుకోలేదు. లెక్క అన్నారంటే ఆయనకు నిద్ర పట్టదు. డబ్బాలోంచి ఫోన్ తీసి, ముల్లు ఒక గీత దాటేదాకా చూశాడు. డెబ్బై రెండు సెకన్లు. మళ్లీ చూశాడు. అదే డెబ్బై రెండు.

గడియారాలక్క సంచీలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, కంటద్దం పెట్టుకుని, వెనక మూత విప్పింది. గడియారం విప్పిన ప్రతి మేస్త్రీ మూత లోపల సూదితో తన గుర్తూ తేదీ గీస్తాడు. ఆఖరి గుర్తు నాన్నది. తేదీ, అన్నయ్యకు మొదటిసారి పదహారు వందలొచ్చిన పరీక్షకు నాలుగు రోజుల ముందుది. లోపల అటూ ఇటూ తిరిగే చక్రానికి ఎదురెదురుగా రెండు సీసం చుక్కలు అంటించి ఉన్నాయి. ఒక్కోటి ఆవగింజలో సగం, ఆ బరువుకే చక్రం నెమ్మదించింది. దుమ్ము కాదు, పొరపాటూ కాదు. అంత పొందికగా పెట్టగల చెయ్యి ఆవిడకు తెలిసి ఒక్కటే.

చుక్కల సంగతి ఆవిడ ఇంకా బయట పెట్టనేలేదు, గదిలో రభస మొదలైంది. పదకొండేళ్ల రేటింగులు గాలిలో కలిసిపోతాయంటే ఎవరికి మాత్రం కడుపు మండదు.

"నా పట్టికలో తప్పు లేదు," అన్నాడు మాస్టారు. "దాన్ని తయారుచేసింది ఈ గడియారంతోనే. తప్పంటూ ఉంటే నిమిషంలో ఉండాలి."

మొదటి కుర్చీ ఆయన బస్సు డిపోలో టైంకీపరు. తాపీగా చెప్పాడు. "ఇంత కంగారెందుకండీ. మా డిపోలో పది గంటల బస్సు ఎప్పుడొస్తే అప్పుడే పది. అలా అనుకోబట్టే ఊరు నడుస్తోంది."

అన్నయ్య మినిట్స్ పుస్తకం తెరిచాడు. తీర్మానం రాశాడు: ఈ గదిలో నిమిషమనగా డెబ్బై రెండు సెకన్లు, గది బయట సభ్యుల ఇష్టం. అనుకూలం తొమ్మిది, వ్యతిరేకం ఒకటి. ఆ ఒక్కరూ ఎవరో చెప్పక్కర్లేదు. టైం చూసేవాడికి ఓటు లేదు కనుక నాన్న కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"ఇక మూత బిగించమ్మా," అన్నాడు మాస్టారు. "ఇంకా ఏడు కాగితాలున్నాయి."

బిగించడం తెలిసింది ఆవిడకే. మిగతావాళ్లు సర్దుకుని కూర్చునేలోగా నాన్న పక్కన కూలబడింది.

"ఈ చుక్కలు నువ్వే పెట్టావా?"

"మరింకెవరు పెడతారు?" అన్నాడు నాన్న గొంతు తగ్గించి. "చూశావా, రెండువైపులా వెంట్రుకవాసి తేడా రాదు."

"ఎందుకు పెట్టావు?"

"వాడి సంగతి నీకు తెలీదా. ఎత్తు బుర్రకు తడుతుంది, కాకపోతే ఇంకో పది సెకన్లు ఆలస్యంగా. ఈలోపు టైమైపోయేది. ఇంటికొచ్చి అన్నం తినేవాడు కాదు. చూడలేకపోయా."

"మరి నేను?"

"నీకేంటమ్మా, నీకు చెవుంది. మొదటి రోజే పట్టేస్తావు, పట్టేసి వాడుకుంటావు అనుకున్నా." నాన్న, కొట్టులో పని తప్పు చేసినప్పుడు చూసినట్టే చూశాడు. "పదకొండేళ్లు పట్టిందా నీకు?"

ఆవిడకు ఏడుపొచ్చింది, దాన్ని మించి కోపమొచ్చింది. "నీ చెయ్యి ఆలస్యమవుతోందనుకున్నా నాన్నా. ఎవరైనా కనిపెడితే నీ పరువు పోతుందని బయటికి అనలేదు, దాన్ని వాడుకోకూడదని నా టైం కాగానే కలం కింద పెట్టేసేదాన్ని. ప్రతి ఏడూ. అలా పోయిందే నా తొమ్మిదోది."

నాన్న తన కుడిచేతిని బల్ల మీద పెట్టి, తిప్పి చూసుకున్నాడు.

"నా చెయ్యి ఆలస్యమా?" అన్నాడు.

సీసం చుక్కలు గోటితో గీకేస్తే పోతాయి. అరనిమిషం పని, అదీ అసలు అరనిమిషం. ఆవిడ గోరు అక్కడిదాకా వెళ్లింది. మళ్లీ వెనక్కొచ్చింది. అందరికీ పదకొండేళ్లు కాగితం కాగితానికీ అందిన ఆ ఇరవై నాలుగు సెకన్లు తనకెందుకు అందకూడదు అనుకుంది. చుక్కల్ని అలాగే ఉంచి మూత బిగించింది. కంటద్దం తీసి జేబులో వేసుకుంది.

ఆరో కాగితానికి తన రెండు నిమిషాలూ అయిపోయాయి. అలవాటు కొద్దీ చెయ్యి కలం దించబోయింది, ఎడమచేత్తో దాన్ని పట్టుకుంది. గది అంతా నిశ్శబ్దం. గడియారం ఈసురోమంటూ నడుస్తోంది. ఇరవై నాలుగు సెకన్లు ఎంత పెద్దవో ఆవిడకు ఇన్నాళ్లూ తెలియదు. ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు వాటిలో. పదహారో సెకను దగ్గర బొమ్మలో మూలనున్న గుర్రం కనిపించింది. రాసింది. నాన్న తట్టాడు. ఆ తట్టడం సరిగ్గా ముల్లు గీత మీద ఉన్నప్పుడే పడింది, వెంట్రుకవాసి తేడా లేదు. పదకొండేళ్లూ అలాగే పడి ఉంటుంది.

ఏడు కాగితాలకు ఏడూ సరే. మొదటి ఐదింట్లో మూడుతో కలిపి మొత్తం పది. మాస్టారు పట్టిక మీద వేలు జరుపుకుంటూ వెళ్లి, "పదహారు వందల యాభై," అన్నాడు. అన్నయ్యకు ఎప్పట్లాగే తొమ్మిది. నాలుగో కుర్చీ చేతులు మారింది.

అన్నయ్య జాబితాలో తన పేరు కొట్టేసి ఆవిడ పేరు రాశాడు. వాదించలేదు, తీర్మానం రాసింది తనే మరి. కలానికి మూత పెట్టాడు.

"మ్యాచ్‌లో గడియారం ఎవరిది?" అని అడిగాడు నాన్న.

"వాళ్లదే నాన్నా. అరవై సెకన్లది," అంది గడియారాలక్క.

నాన్న తలూపాడు. "అయితే మొట్టమొదటిసారి మన జట్టులో ఒకరు ఆట చివరిదాకా ఆడతారు."

అది విని అన్నయ్య లేచాడు. మూలనున్న స్టవ్ దగ్గరకెళ్లి, రెండుసార్లు తప్పి మూడోసారి వెలిగించి, గిన్నె పెట్టాడు. చక్కెర డబ్బా వెతుక్కోవడానికి ఆయనకు సమయం పట్టింది. అది పదకొండేళ్లుగా ఒకేచోట ఉంది.

"ఏమే," అన్నాడు ఇటు తిరక్కుండా, "నువ్వు టీలో చక్కెర ఎన్ని చెంచాలు వేసుకుంటావు?"

"రెండు," అంది ఆవిడ. తర్వాత, "నెమ్మదిగా కాయి అన్నయ్యా, తొందరేం లేదు," అని నాలుగో కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది.